గింజతో పాటు చొప్పను కూడా తూచాలి

కొత్త వంగడాల ప్రయోగ ఫలితాలు వెలువడినప్పుడల్లా వాటి పట్టికలను వరుస వెంట వరుస చదవడం నాకు ఏళ్ల నాటి అలవాటు. హెక్టారుకు గింజ దిగుబడి ఎంత, పంటకాలం ఎన్ని రోజులు, ఏ తెగులును ఎంతవరకు తట్టుకుంటుంది అన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి. చొప్ప ఎంత వచ్చింది, దాన్ని పశువు ఎంతమేరకు వదలకుండా తిన్నది, తిన్నదానిలో ఎంత అరిగింది అన్న వివరాలు మాత్రం చాలా పట్టికల్లో కనిపించవు. పంటతో పాటు పాడి కూడా ఉన్న ఇంట్లో గింజ మనుషులకు, చొప్ప పశువులకు పోతుంది కాబట్టి, ఆ రెండో లెక్క తెలియకుండా విత్తనం ఎంచుకోమనడం రైతుకు సగం సమాచారమే ఇవ్వడం అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ లోటు ఎలా ఏర్పడిందో గోధుమ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. జపాన్‌కు చెందిన నోరిన్ 10 అనే పొట్టి గోధుమ జన్యువులను అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో తన వంగడాల్లోకి తెచ్చినప్పుడు, నత్రజని ఎక్కువైతే నేలకు ఒరిగిపోయే పొడుగు మొక్కల స్థానంలో బరువైన వెన్నును మోస్తూ నిలబడగలిగే పొట్టి మొక్కలు వచ్చాయి. పొట్టి జన్యువుల వల్ల మొక్క మొత్తం బరువు పెద్దగా పెరగలేదు. ఆ బరువులో గింజకు దక్కే వాటా సుమారు మూడో వంతు నుంచి సగం దాకా పెరిగింది. కోట్ల మంది ఆకలి తీర్చిన ఆ కృషికి 1970లో నోబెల్ శాంతి బహుమతి లభించడం ఎంతైనా సముచితం. అయితే ఒకే మొక్కలో గింజ వాటా పెరగడమంటే గడ్డి వాటా తగ్గడమే కదా, ఆ తగ్గుదలను అంతే శ్రద్ధగా కొలవవలసింది.

పైగా చొప్ప విషయంలో బరువు తెలిస్తే సరిపోదు. కోతకు వచ్చిన జొన్న దంటును ఒకసారి చేత్తో విరిచి చూడండి. బయటి పెచ్చు గట్టిగా, నారలు నారలుగా చీలుతుంది. లోపలి బెండు మెత్తగా ఉంటుంది. ఆకు మధ్య ఈనె తప్ప మిగతా ఆకంతా వేళ్ల మధ్య నలిగిపోతుంది. పశువు ముందుగా ఆకును ఏరుకు తిని, మొదళ్లను గాటిలో వదిలేయడానికి కారణం ఇదే. మొక్క ముదిరేకొద్దీ కణాల గోడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది, పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించలేవు, పైగా దాని చాటున ఉన్న పీచును కూడా అది వాటికి అందనివ్వదు. ఈ అరుగుదలను ప్రయోగశాలలోనే అంచనా వేసే పద్ధతిని టిల్లీ, టెర్రీ అనే శాస్త్రవేత్తలు 1963లో ప్రచురించారు. మేత నమూనాను పశువు పొట్ట నుంచి తీసిన ద్రవంలో 48 గంటలు, ఆ తరువాత పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ కలిపిన ఆమ్లంలో మరో 48 గంటలు ఉంచి, మిగిలినదాన్ని తూచడమే ఆ పద్ధతి. ఈనె గోధుమరంగుకు తిరిగి, లిగ్నిన్ తక్కువగా ఉండే మొక్కలను మొక్కజొన్నలో 1920లలోనే గుర్తించారు, జొన్నలోనూ తరువాత రూపొందించారు. వాటి చొప్ప బాగా అరుగుతుంది గాని, లిగ్నిన్ తగ్గిన దంటు గాలికి పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ రెంటినీ సమన్వయం చేయడమే కొత్త వంగడాలు రూపొందించే ప్రజననకారుల ముందున్న అసలు పని.

మేత నాణ్యత మొక్కలోనే కాక పశువు కడుపులోనూ ఉంటుందని నాకు నేర్పింది సుబాబుల్ అనే మేత చెట్టు కథ. దాని ఆకులో మాంసకృత్తులు పుష్కలం, వేరులో నత్రజనిని స్థిరీకరించే గుణం ఉంది. అయినా ఆస్ట్రేలియాలో దాన్ని ఎక్కువగా మేసిన పశువులకు వెంట్రుకలు రాలాయి, థైరాయిడ్ గ్రంథి వాచింది, బరువు పెరగడం ఆగిపోయింది. ఆకులోని మిమోసిన్ అనే విషపదార్థం పొట్టలో విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థం థైరాయిడ్‌ను దెబ్బతీయడమే ఇందుకు కారణం. అదే ఆకును హవాయి మేకలు ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నాయని గమనించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, తేడా చెట్టులో కాదు, పొట్టలోని బాక్టీరియాలో ఉందని ఊహించి, ఆ మేకల పొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించి చూశారు. విషం విరిగింది. తరువాత ఆ బాక్టీరియాను వేరుచేసి, 1992లో ఆయన పేరు కలిసేలా సినర్జిస్టిస్ జోన్సీ అని నామకరణం చేశారు. మొక్కను మార్చకుండా, ఎరువు పెంచకుండా, ఉన్న మేతనే పనికొచ్చేలా చేసిన ఇలాంటి పరిశోధన నాకు అన్నిటికంటే ప్రియమైనది.

పచ్చికబయళ్ల విషయంలో బరువు ఎంత మోసం చేయగలదో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రపు మడులు చూపిస్తాయి. లాస్, గిల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు 1856లో మొదలుపెట్టిన పార్క్ గ్రాస్ ప్రయోగం ఈనాటికీ సాగుతోంది. ఏమీ వేయని మడుల్లో గడ్డి తక్కువే వస్తుంది గాని సుమారు 40 జాతుల మొక్కలు కలిసి పెరుగుతాయి. అమ్మోనియం సల్ఫేట్ ఏళ్ల తరబడి వేసి, సున్నం వేయకుండా వదిలిన మడుల్లో నేల పుల్లబారి, చివరికి రెండు మూడు జాతులే మిగిలాయి. నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే వేసిన మడుల్లో కాయజాతి మొక్కలు గుబురుగా పెరిగి, గాలిలోని నత్రజనిని తామే పట్టి తెచ్చాయి. కాయజాతి మొక్కను మెల్లగా పెకలించి, వేరుబుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం వల్ల వచ్చే ఆ రంగు ఉంటే బుడిపె నత్రజనిని పట్టే పని చేస్తున్నట్టు, తెల్లగానో పచ్చగానో ఉంటే చేయనట్టు. ఇంత తేలికైన పరీక్షను పచ్చిక వేసే ప్రతి ఒక్కరూ చేసి చూడాలని నా కోరిక.

గింజను, మేతను ఒకే పొలంలో కలిపి ఆలోచించిన పనికి కెన్యాలో ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థ, రోథామ్‌స్టెడ్ కలిసి 1990లలో రూపొందించిన పద్ధతి మంచి ఉదాహరణ. మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే కాయజాతి మొక్క, పొలం చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. డెస్మోడియం వాసన కాండం తొలుచు పురుగు తల్లి రెక్కల పురుగులను తరిమితే, నేపియర్ వాసన వాటిని గుడ్లు పెట్టడానికి రమ్మంటుంది. అక్కడ పొదిగిన పిల్ల పురుగుల్లో చాలావరకు గడ్డి స్రవించే జిగురులో చిక్కి బతకవు. డెస్మోడియం వేరు వదిలే రసాయనాలు, మొక్కజొన్న వేరును పట్టి పీల్చే స్ట్రైగా కలుపు విత్తనాన్ని మొలిపించి, అది వేరును అందుకోకముందే చంపేస్తాయి. పంటను కాపాడిన ఆ రెండు మొక్కలూ పశువులకు మంచి మేత. వాన తక్కువ పడే ప్రాంతాల కోసం తరువాత నేపియర్ బదులు బ్రాకియేరియా అనే మేత గడ్డి సంకర రకాన్ని, ఎండను మరింత ఓర్చుకునే మరో డెస్మోడియం జాతిని ఎంచుకున్నారు. ఆ కొత్త జంట కూడా పురుగును ఆపుతూనే పశువుల మేతగా పనికివస్తోంది.