అమ్మ పేరు లేని కాగితం

“మెట్లు దిగలేని మనిషి ఇంట్లో ఉన్నప్పుడు మాకు చెప్పకపోవడం తప్పు.”

2024 ఆగస్టు 11, ఆదివారం పొద్దున టోక్యోలో మా తలుపు దగ్గర నిలబడి వీధి సంఘం పెద్దాయన నాతో అన్న మాట ఇది. ఎనభై దాటిన మనిషి. గొంతు పెంచలేదు. చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం, అందులో మా బిల్డింగులోని ఇళ్ల నంబర్లన్నీ ఉన్నాయి. జూన్‌లో పెట్టిన వరద డ్రిల్‌కు మేము రాలేదని మొదట గుర్తుచేశాడు. మాట్లాడుతూనే నా భుజం మీదుగా లోపలికి చూశాడు. కుర్చీలో కూర్చుని మోకాళ్లకు బామ్ రాసుకుంటున్న మా అమ్మ కనబడింది. అప్పుడు అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

ఆ పొద్దున మా మనసులు మా దగ్గర లేవు. ముందు రోజు రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఉన్న 33 గేట్లలో పోయింది ఒకటే, నిజమే. కానీ తుంగభద్ర, గేటు అనే రెండు మాటలు పక్కపక్కన వినబడితే కడుపులో ఎట్లుంటుందో కర్నూలోళ్లకే తెలుసు. కర్నూలులో ఇంకా తెల్లారకముందే అక్కడి నుంచి పిన్ని ఫోన్ చేసింది. అమ్మ కాఫీ ముట్టలేదు. “ట్రంకుపెట్టె మిద్దె మీదికి ఎక్కించమని చెప్పు పాపా, ఇంటి కాగితాలు అందులోనే ఉన్నాయి” అని ఒకటే మాట.

ఇక్కడ చూస్తే ఇంకో టెన్షన్. మూడు రోజుల ముందు, 8వ తేదీన, జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవి పక్క సముద్రంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. నాన్‌కాయ్ సముద్రపు పగులు వెంట ఇంకా పెద్దది వచ్చే అవకాశం మామూలు కంటే పెరిగిందని, వారం పాటు జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక. అట్లాంటి హెచ్చరిక ఇవ్వడం అదే మొదటిసారి. సూపర్‌మార్కెట్లో నీళ్ల సీసాల అరలు ఖాళీ. మూడు నెలల వీసా మీద కూతురి దగ్గర నాలుగు రోజులు నిమ్మళంగా ఉందామని వచ్చిన మనిషికి, ఇంటి దగ్గర ఏరు, ఇక్కడ భూమి.

ఆ సమయంలో వచ్చాడాయన, కాగితం పట్టుకుని.

ఆఫీసులో ఇలాంటివి నాకు అలవాటే. భూమి గట్టిగా కదిలితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, “క్షేమం” అని నొక్కాలి. నొక్కకపోతే మేనేజర్ ఫోన్ చేస్తాడు. డెస్కు కింద హెల్మెట్, స్టోర్ రూమ్‌లో మూడు రోజుల తిండీ నీళ్లూ. 2011 భూకంపం రోజు టోక్యోలో రైళ్లు ఆగిపోయి లక్షల మంది ఇల్లు చేరలేక రోడ్ల మీద చిక్కుకుపోయారు. అందుకే సిబ్బందిని అక్కడే ఉంచుకునేలా మూడు రోజుల నిల్వ పెట్టుకోవాలని కంపెనీలకు నియమం చేశారు. అదంతా ఉద్యోగంలో భాగమనుకుంటాను. ఇల్లు వేరు. రెండున్నరేళ్లుగా లిఫ్టులో తల వంచి పలకరించడమే తప్ప “తిన్నావా” అని ఒక్కసారి అడగని మనిషికి, మా అమ్మ మోకాళ్ల సంగతి ఎందుకు?

పైగా వరదల గురించి మాకు చెప్తాడా?

2009 చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు ఆగస్టు దాకా కరువు మాటలే, బుడ్డ చేలు ఎండిపోతున్నాయని ఏడ్చిన ఏడు. సెప్టెంబరు ఆఖరున పైన కర్ణాటకలోనూ మన దగ్గరా ఒక్కసారిగా కుండపోత. అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, రెండూ కర్నూలులోకి వచ్చేశాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చి, 885 అడుగుల దాకా నిలపాల్సిన చోట 896 దాకా పెరిగాయి. మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధి మొదట్లోకి వచ్చి, ఏదో చెప్పి తిరిగి వెళ్లిపోయింది. నీళ్లు వస్తాయని అర్థమైంది కానీ ఎంత ఎత్తున వస్తాయో ఎవరికీ అర్థం కాలేదు. మేము బియ్యం మూటలు మంచం మీదికి ఎక్కించాం. మంచం మునిగింది. మంచం మీద బల్ల వేశాం, బల్లా మునిగింది.

మా అవ్వకు అప్పటికే నడక లేదు. ఎదురింట్లో ఉండే హమాలీ మామ నడుం లోతు నీళ్లలో వచ్చి, బియ్యం బస్తాను ఎత్తుకున్నట్టే అవ్వను వీపు మీద వేసుకుని మా మిద్దె మెట్లు ఎక్కించాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. అవ్వ నడవలేదని ఆయనకు ఏ కాగితమూ చెప్పలేదు. ఎవరికి మోకాళ్లు లేవు, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరి కొడుకు హైదరాబాదులో ఉన్నాడు, అన్నీ వీధి మొత్తానికీ తెలుసు. నీళ్లు తీశాక డోన్, వెల్దుర్తి వైపు మెట్ట ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో జొన్న రొట్టెలు, చిత్రాన్నం వచ్చాయి. ఇల్లంతా మోకాలి లోతు ఒండ్రు. అవ్వ రేషన్ కార్డు పేజీలు అతుక్కుపోతే అమ్మ గోటితో ఒక్కొక్కటే విడదీసి, దండెం మీద బట్టల క్లిప్పులతో ఆరేసింది. ఆ వారం మేము పొయ్యి వెలిగించలేదు, పస్తూ పడుకోలేదు.

ఇదంతా ఆ పెద్దాయనకు జపనీస్‌లో చెప్పేసేదాన్నే. అంత భాష రాదు. ఆరో అంతస్తులో ఉన్నాం, నీళ్లు ఇక్కడిదాకా రావు అని మాత్రం అన్నాను.

“లిఫ్టు ఆగిపోతుంది,” అన్నాడాయన. “రెండు వారాలు.”

ఇంక ఏమీ అనకుండా వంగి, ఫారం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మేముండేది టోక్యో తూర్పు అంచున, ఎడొగావా వార్డులో. నిషికసాయి స్టేషన్ చుట్టూ మన ఇండియా వాళ్లు ఎక్కువ. ఈ వార్డు నేలలో దాదాపు 70 శాతం, పోటు వేళ సముద్రం నిలిచే మట్టానికి కిందే ఉంటుంది. ఒకప్పుడు భూగర్భ జలాలు తోడేసి తోడేసి నేల కుంగింది. 2019లో వార్డు ఆఫీసు ఇంటింటికీ వరద మ్యాపు పుస్తకం పంచింది. దాని అట్ట మీద ఈ వార్డును చూపిస్తూ “ఇక్కడ ఉండకూడదు” అని రాసి ఉంటుంది. ప్రజల డబ్బుతో అచ్చు వేసి, మీ ఇల్లు మునుగుతుంది, ముందే వేరే ఊరికి పోండి అని పంచే ఆఫీసును నేను మొదటిసారి చూశాను. కట్ట తెగితే కొన్ని చోట్ల రెండు వారాలకు పైగా నీళ్లు నిలుస్తాయట. కరెంటు ఉండదు, నీళ్లు రావు, బాత్రూం పని చేయదు. ఆరో అంతస్తులో మోకాళ్లు లేని మనిషితో రెండు వారాలు. ఈ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

మెట్లు దిగలేని వాళ్ల జాబితా ఉండాలని ఇక్కడ 2013లో చట్టమే మార్చారు. 2011 సునామీలో చనిపోయిన వాళ్లలో సగానికి పైగా అరవై దాటిన వాళ్లు, అది తట్టుకోలేక. వార్డు జాబితా వార్డుది. మా పెద్దాయన కాగితం మా బిల్డింగుది, చుట్టాలుగా వచ్చిన వాళ్లను కూడా రాసుకునేది.

అమ్మకు ఆయన మాటలు తెలుగులో చెప్పాను, నా కోపమూ కలిపి. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

“ఆ చివరి గదాయన గుర్తున్నాడా నీకు?” అంది.

గుర్తున్నాడు. గుర్తు చేసుకోవడం మానేశాను. మా వీధి చివర గదిలో రైస్‌మిల్లు గుమస్తా ఒకాయన బాడుగకు దిగి అప్పటికి రెండు నెలలు. ఒంటరి మనిషి. ఆ రాత్రి మిద్దెల మీద నుంచి ఒకరినొకరు కేకలేసి అందర్నీ లెక్క పెట్టుకున్నాం. ఆయన్ను ఎవరమూ లెక్కలో వేసుకోలేదు. నీళ్లు తీశాక తలుపు కొడితే, అటక మీద ముడుచుకుని ఉన్నాడు. అటకకు జానెడు కిందే ఆగింది నీటి గీత. అమ్మ చిత్రాన్నం పెట్టింది. ఒక్క మాట మాట్లాడకుండా తిన్నాడు. నెల తిరక్కుండా ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

“ఇక్కడ నువ్వు బాడుగకుండేదానివే కదా పాపా,” అంది అమ్మ.

మధ్యాహ్నం ఇద్దరం కిందికి దిగాం. పెద్దాయన అమ్మకు కుర్చీ వేసి, పేరు రాయమన్నాడు. అమ్మ తెలుగులో రాసింది. ఆయన రెండు సార్లు పలికించుకుని, పైన వాళ్ల అక్షరాల్లో రాసుకున్నాడు. పక్క గడిలో ఐదో అంతస్తు భార్యాభర్తల పేర్లు వేశాడు, అవసరమైతే పైకి వచ్చేది వాళ్లే. తర్వాత ఒక కవరు చింపి బకెట్టులో పొడి పోసి చూపించాడు. నీళ్లు పోయగానే గంజిలా గట్టిపడింది. బాత్రూం పని చేయని రోజుల కోసమట. అమ్మ వేలితో తాకి చూసింది.

గేటు సంగతి నా చేత చెప్పించింది అమ్మ. మీ ఇంట్లోకి అప్పుడు నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయని అడిగాడాయన. అమ్మ లేచి, ఆ గది తలుపు చట్రం పైకి చేయి చాపింది. అందలేదు. ఆయన ఆ చేతి వైపు చూసి, నడుం దాకా వంగాడు.

వారం తిరిగేలోపు కన్నయ్యనాయుడు అనే రిటైర్డ్ ఇంజనీరు దగ్గరుండి ఆ గేటు ఖాళీలో అడ్డు పలకలు దింపించారు. కర్నూలులో నీళ్లు ఒడ్డు దాటలేదు. అమ్మ సెప్టెంబరులో వెళ్లిపోయింది. పెద్దాయన ఆమె పేరు మీద గీత కొట్టే ముందు, క్షేమంగా చేరిందా అని నన్ను అడిగాడు.

పోయిన వారం ఫోన్‌లో అమ్మ చెప్పింది. ఆ చివరి గదిలో ఇప్పుడు ఆదోని నుంచి వచ్చిన నర్సమ్మ ఉందట, చంటిబిడ్డతో. నంబరు క్యాలెండర్ వెనక రాసుకుందట. “వాళ్లమ్మ కూడా వచ్చినట్టుంది పాపా, ఆమెకూ మోకాళ్లో ఏమో, సాయంత్రం పోయి అడిగొస్తా.”