బల్ల మీద ఏదో ఒకటి విప్పి ఉండాలి

తెనాలిలో మా డీటీపీ షాపు మేడ మీద ప్రతి నెలా రెండో ఆదివారం కంప్యూటర్ క్లబ్బు నడుస్తుంది. నడుస్తుందని ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను గానీ, ఒక దశలో నేనూ, కింద జిరాక్సు మిషను చూసుకునే అబ్బాయీ తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. వాడు కూడా మేడ మీద ఫ్యాను బాగా తిరుగుతుందనే వచ్చేవాడు.

మీటింగు అనగానే మనవాళ్లకు కుర్చీలు, మైకు, ముఖ్య అతిథి, శాలువా ఉండాలి. క్లబ్బు పెట్టిన పెద్దలు అలాగే నడిపారు. వచ్చినవారు గంటసేపు వినేవారు, బజ్జీలు తినేవారు, వెళ్లిపోయేవారు. ఇంట్లో ఫోనులో ఇంతకన్నా బాగా చెప్పేవాళ్లు దొరుకుతుంటే ఎండలో మేడ ఎక్కడం ఎందుకు?

మాకు దారి చూపింది ఒక పాత క్లబ్బు. 1975 మార్చి 5న అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు మొదలైంది. ఆల్టెయిర్ 8800 అనే, విడిభాగాలు మనమే బిగించుకునే కంప్యూటర్ కిట్టు చూడటానికి ఆసక్తి ఉన్నవాళ్లు పోగయ్యారు. తర్వాత యాపిల్ కంపెనీ పెట్టినవారిలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ ఆ మొదటి రోజే ఉన్నాడు. ఈ సంగతులు చాలామందికి తెలుసు. నాకు పనికొచ్చింది మాత్రం తర్వాత ఆ సమావేశాలు నడిపిన లీ ఫెల్సెన్‌స్టీన్ పద్ధతి. ముందు ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, తమకు ఏం కావాలో చెప్పాలి. ఆ తర్వాత ఎవరికి ఎవరితో పని ఉంటే వారి దగ్గరికి వెళ్లి కూర్చోవచ్చు. అంతే. ఆ క్లబ్బు 1986 దాకా నడిచింది.

మేమూ అదే చేస్తున్నాం. మా దగ్గర ఉపన్యాసం లేదు. కొత్తగా వచ్చినవారి చేతికి కాసేపట్లోనే స్క్రూడ్రైవర్ వెళ్లాలి.

మొన్నామధ్య ఒక ఇంటర్ అమ్మాయి వాళ్ల నాన్నగారి పాత డెస్క్‌టాప్ ఆటోలో వేసుకుని తెచ్చింది. ఇంటర్నెట్ వస్తోంది గానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. షాపులో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారట. మూలన గడియారంలో తేదీ చూస్తే 2009 జనవరి 1. వెబ్‌సైటు చూపించే భద్రతా పత్రానికి మొదలు తేదీ ఒకటి, గడువు తేదీ ఒకటి ఉంటాయి. 2009లోనే ఉన్నాననుకునే కంప్యూటర్ లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, అందుకే నమ్మదు. కరెంటు లేనప్పుడు ఆ గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ. అది అయిపోయింది. దాన్ని ఊడదీసి, మీద ఉన్న సీఆర్2032 అనే అంకె ఆ అమ్మాయి చేతే చదివించాం: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. గడియారాల కొట్టుకు తనే వెళ్లి తెచ్చుకుని, తనే బిగించి, తేదీ సరిచేసింది. మర్నెల తమ్ముణ్ణీ ఇద్దరు స్నేహితురాళ్లనూ వెంటబెట్టుకొచ్చింది. కరపత్రాలు పంచినా ఇంతమంది రాలేదు.

ల్యాప్‌టాప్ విప్పేటప్పుడు ఒక చిన్న నియమం ఉంది. తెల్లకాగితం మీద దాని అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని చోటులో టేపుతో అతికించాలి. పొడుగు స్క్రూ పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కీబోర్డు పైకి ఉబుకుతుంది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ప్రాసెసర్ పాతదైతే కుదరదు. మాకు అదే పండుగ సీజను. పాత హార్డ్‌డిస్క్ తీసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే డెబియన్ అనే లినక్స్ ఎక్కించి పంపిస్తున్నాం. ఒకటి మాత్రం ముందే అడుగుతాం: ట్యాలీ వాడతారా? ఆ లెక్కల ప్రోగ్రాం విండోస్ కోసం చేసింది, అందుకే వాడేవాళ్లకు లినక్స్ అంటగట్టం. ఉత్సాహం కొద్దీ ఎక్కించేసి, నెలాఖరున లెక్కల దగ్గర ఆ కొట్టాయన అవస్థ పడితే, ఆయనతో పాటు ఆ బజారంతా మనకు దూరమవుతుంది.

నా వృత్తి నుంచి వచ్చిన సభ్యులు వేరు. పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. మా షాపులో పెళ్లికార్డులకు ఇప్పటికీ అదే. డీటీపీలో వాడే అను అనే పాత తెలుగు ఫాంట్లలో మనకు కనిపించే ‘క’ లోపల ఏదో ఇంగ్లీషు అక్షరం చోటులోనో, గుర్తు చోటులోనో కూర్చుని ఉంటుంది. ఫోనులోకి పంపితే పిచ్చిగీతలే. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా అంకెలిచ్చే యూనికోడ్‌లో ‘క’కు 0సి15 అని సొంత స్థానం ఉంది, ఎక్కడికి వెళ్లినా ‘క’గానే ఉంటుంది. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు తన పద్యాలన్నీ అనులో ఉన్న సీడీ తెచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అక్షరాల పట్టిక రాసి, వాటిని యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. వత్తులు తారుమారైన చోటల్లా మాస్టారు పద్యం పైకి చదివి, ‘యతి పోయింది, ఇక్కడేదో తప్పుంది నాయనా’ అని పట్టుకుంటారు. యతితో బగ్గులు పట్టే ప్రోగ్రామర్ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఆయన ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా మానరు.

కాలేజీ క్లబ్బులతో మమ్మల్ని పోల్చేవాళ్లున్నారు. వాటి బలం వాటిది, కానీ నాలుగో ఏడాది పిల్లలు వెళ్లగానే తాళాలు ఎవరి దగ్గరున్నాయో కూడా తెలియదు. మా దగ్గర తాళం ముగ్గురి దగ్గర ఉంటుంది, చందా లేదు, విడిభాగాల ఖర్చు ఎవరిది వారిదే. పొద్దున పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ఆపేస్తాం. సాయంత్రమైతే ఆడపిల్లల్ని ఇళ్లలో పంపరు. వాట్సాప్ గుంపులో శుభోదయాలు నిషేధం. దీని మీద వచ్చినంత గొడవ లినక్స్ మీద కూడా రాలేదు.

వచ్చే ఆదివారానికి ల్యాప్‌టాప్‌లో పెట్టే డీడీఆర్3 రకం ర్యామ్ ఒకటి కావాలి, 4 జీబీ చాలు. మీ ఇంట్లో పాడైన ల్యాప్‌టాప్ ఏదైనా అటకెక్కి ఉంటే దించి తెండి. దానిలో ర్యామ్ బతికే ఉండవచ్చు.