రెండో వాక్యం

“అబద్ధం చెబితే ఏమవుతుంది?” అని జడ్జిగారు ఒడియాలో అడిగిన మాటను నేను తెలుగులో చెప్పగానే, కాళ్లు నేలకందక కుర్చీలో ఊగుతున్న ఎనిమిదేళ్ల పిల్ల, గౌను అంచును వేలికి చుట్టుకుంటూ, “మాయమ్మ నాతో మాటాడదండి” అంది.

ఆ జవాబు చాలు. 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షన్ గానీ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 124వ సెక్షన్ గానీ సాక్షికి కనీస వయసు పెట్టలేదు; ప్రశ్న అర్థమై, దానికి తగిన జవాబు చెప్పగలిగితే చాలు. నిజం చెప్పాలని తెలిసి, ప్రమాణమంటే ఏమిటో తెలియని పన్నెండేళ్లలోపు పిల్లల చేత ప్రమాణం కూడా చేయించనక్కరలేదని 1969 ప్రమాణాల చట్టం చెబుతోంది.

నాకు భయం వేసింది ఆ తర్వాతే. “ఇలా చెప్పమని నీకెవరు చెప్పారు?” అని ఎదుటి వకీలు అడిగారు. “మాయమ్మే” అంది. ఒక్క క్షణం ఆగి, “బయపడకుండా జరిగింది చెప్పమంది” అంది. పిల్లల సాక్ష్యంలో కోర్టులు మొదట వెతికేది ఎవరైనా నేర్పించారా అనే కదా. నేను తొందరపడి మొదటి మాటనే ఒడియాలో చెప్పి ఊరుకుని ఉంటే, ఆ తల్లి ఇచ్చిన ధైర్యం రికార్డులో నేర్పిన పాఠంగా మిగిలిపోయేది.

పర్లాకిమిడి బస్సెక్కినా, ఆ పిల్ల ఆగిన ఆ క్షణం నన్ను వదలడం లేదు.