చంద్రుడి మీద గజ్జలో గాయమైతే: నా కథకు వైద్యం సమకూర్చుకున్న అనుభవం

యుద్ధంలో నేలకొరిగినవాణ్ణి నీలి కిరణం ఒకటి తాకగానే లేచి పరుగెత్తే కథలు నాకు నచ్చవు. దెబ్బ తగిలిన మనిషి బాధను అవి తేల్చిపారేస్తాయి. చంద్రుడి మీద జరిగే యుద్ధం గురించి పెద్దకథ మొదలుపెట్టినప్పుడు, అందులో చికిత్స ఊహే అయినా నెత్తురు నడిచే తీరుకు లోబడే ఉండాలని పట్టుబట్టాను. కథ రాయడం కంటే ఆ చికిత్స తేలడానికే ఎక్కువ కాలం పట్టింది.

ముందు దెబ్బ ఎక్కడ తగలాలో తేల్చుకోవాలి. చేతికో కాలికో అయితే టోర్నికే (నెత్తురు ఆపే బిగింపు పట్టీ) బిగించి, బిగించిన టైము రాసి, రెండు గంటల్లోపు సర్జన్‌కి అప్పగించవచ్చు. గజ్జలో అయితే దాన్ని బిగించడానికి చోటే లేదు. కాలికి నెత్తురు తీసుకెళ్లే పెద్ద ధమని అక్కడే ఉంది, తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. 2001-2011 మధ్య యుద్ధాల్లో ఆసుపత్రికి చేరకముందే చనిపోయిన అమెరికా సైనికుల్లో, బతికించగల స్థితిలో ఉండి పోయినవాళ్లలో దాదాపు 90 శాతం మందిని తీసుకెళ్లింది రక్తస్రావమే. నా కథలో సైనికురాలికి గజ్జలోనే శకలం దిగింది.

మా పెద్దమావయ్య ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. సంగతి చెప్పగానే మటన్ తొడ తెప్పించి, లోతుగా గాటు పెట్టి, సెలైన్ ట్యూబు దూర్చి రంగునీళ్లు వదిలాడు. “పైన అద్దితే ఆగదు అల్లుడూ, లోపలికి కుక్కు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వేలితో వెతికి అక్కడ కుక్కు” అన్నాడు. నెత్తురు గడ్డకట్టించే కేయోలిన్ పట్టించిన గాజుగుడ్డ అయినా సరే, కుక్కాక మూడు నిమిషాలు కదలకుండా నొక్కిపట్టాలట. నా మోచేతులు వణకడం మొదలయ్యాక, మోకాలు ఆనించి ఒంటి బరువంతా వేయమన్నాడు.

నాకు అసలు చిక్కు అప్పుడు కనిపించింది. చంద్రుడి మీద బరువు ఆరో వంతే. 72 కిలోల మనిషి అక్కడ 12 కిలోల మనిషిలా ఆనుతాడు, సూటు బరువు కలిసినా చాలదు. పైగా బయట గాలి లేదు, సూటు విప్పి చూసే వీల్లేదు.

2014లో అమెరికా సైన్యం వాడకానికి అనుమతి పొందిన ఎక్స్‌స్టాట్ దారి చూపింది. అది సిరంజి. లోపల చిన్న చిన్న స్పాంజి బిళ్లలుంటాయి. గాయంలోకి నెడితే నెత్తురు పీల్చుకుని సెకన్లలో ఉబ్బి, లోపలి నుంచే ఒత్తుతాయి. నెత్తురు గడ్డకట్టడానికి వాటికి పూసే కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది. భీమవరం చెరువుల పక్కన పెరిగినవాణ్ణి, ఆ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

నా ‘నెత్తుటికట్టు’ అక్కణ్ణుంచి పుట్టింది. శకలం సూటుకు చేసిన రంధ్రంలోంచే గొట్టం లోపలికి దిగుతుంది. గొట్టం చుట్టూ ఉన్న జిగురు పట్టీ సూటుకి అతుక్కుని ముందు గాలి పోకుండా ఆపుతుంది. తర్వాత స్పాంజులు గాయాన్ని నింపుతాయి. సూటు లోపలి నడికట్టు గాలితో ఉబ్బి, మోకాలు చేయాల్సిన పని చేస్తుంది. అదే నడికట్టు వెచ్చదనం కూడా ఇస్తుంది, ఎందుకంటే ఒళ్లు చల్లబడితే నెత్తురు సరిగా గడ్డకట్టదు, చల్లదనమూ రక్తస్రావమూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. తొడలోకి దిగే సూది, కట్టిన నెత్తుటి గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తుంది. జపాన్‌లో ఉటాకో ఒకామోటో దంపతులు 1960లలో కనిపెట్టిన మందు అది. 2010లో వెలువడిన పెద్ద పరీక్ష ఫలితాలను మరుసటి ఏడాది మళ్లీ విశ్లేషిస్తే, గాయపడ్డ మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు అని తేలింది. ఆ గడువు నా కథలో కూడా మారలేదు.

మావయ్య చదివి, “మూత తీసేదెవరు? మందపాటి గ్లౌజులు, వణికే చేతులు. సాయానికి వచ్చినవాడి ఒక చెయ్యి కూడా పనిచేయకపోవచ్చు” అన్నాడు. మూడు మీటలుండేవి, అన్నీ తీసేసి ఒక్క లాగుడు పిడి పెట్టాను. ఇప్పుడు ఆ సన్నివేశం సగానికి తగ్గింది, బలం మాత్రం పెరిగింది.

తెలిసిన సర్జన్ ఒకావిడ ఇంకో పట్టు పట్టారు. లోపల పెట్టిన ప్రతి స్పాంజీ బయటికి రావాలి, ఎక్స్‌రేలో కనబడాలి, ఒక్కటి మిగిలినా చీము పడుతుంది అన్నారు. నిజం ఎక్స్‌స్టాట్ బిళ్లల్లో ఆ గుర్తు ఉంది, గరిష్ఠంగా నాలుగు గంటలే ఉంచాలన్న నియమమూ ఉంది. అందుకని కథలో ఆపరేషన్ గది సన్నివేశం ఒకటి కొత్తగా చేర్చాను. సైనికురాలి ఛాతీ మీది గడియారం 3 గంటల 40 నిమిషాలు చూపిస్తుండగా నర్సు స్పాంజులు ట్రేలో పెట్టి లెక్కపెడుతుంది, లెక్క తేలేదాకా సర్జన్ కుట్టు వేయడు.