కాకి తన్నిందట, ఇగ ఫోన్లే ఫోన్లు

మా ఆయన నెత్తిమీద కాకి తన్నిన ముచ్చట పొద్దుగూకేసరికి జమ్మికుంట దాక పోయింది. ఎవరు చెప్పిన్రో తెల్వది, నేనైతే చెప్పలే. ఏడు గంటల సంది ఫోను కింద పెట్టనిస్తలేరు. అత్తమ్మ, పెద్దాడిబిడ్డ, ఆఖరికి హుజూరాబాద్ చిన్నత్త కూడ. తలస్నానం చేసిండా? బట్టలు అట్లనే నీళ్ళల్ల వేసిన్రా? గుడిల దీపం పెట్టిన్రా? ఏలినాటి శని నడుస్తుందా ఏంది, అయ్యగారికి ఒకసారి చూపియ్యరాదు? ఆయనేమో హాల్ల కాళ్ళు చాపుకోని మ్యాచ్ చూస్తున్నడు. జవాబులన్నీ నేను చెప్పాలె.

గింతమంది అడిగిన్రు గని, ఆ కాకి ఎందుకు తన్నిందని ఒక్కరన్న అడగలే. నాకు అదే గుచ్చుతున్నది. పదకొండు దాటింది, నిద్ర రాక రాస్తున్న.

ఎందుకో ఈ గల్లీల అందరికీ తెల్సు. మిరుగం రాకముందు కరెంటు తీగెలకు తగులుతున్నయని వేపచెట్టు కొమ్మలు కొట్టిన్రు గద. పసుపుపచ్చ హెల్మెట్లు పెట్టుకోని వచ్చిన్రు, గంటల పని ముగించిన్రు, పోయిన్రు. పైన గూడుందని నేను కిందికెళ్లి మొత్తుకున్న. మిషను సప్పుడుకు వినపడలేదో, వినపడ్డా లెక్కజెయ్యలేదో. ఏప్రిల్ నుంచి జూలై దాక కాకులు గూళ్ళు పెట్టే కాలమని తెల్వనోళ్ళా వాళ్ళు? ఏడాదంత చెట్ల మీదనే పనిచేస్తరాయె. పడ్డ గూడును చేతుల పట్టుకోని చూసిన. బయటంత వేపపుల్లలు, వాటి నడుమ బైండింగ్ వైరు ముక్కలు. పక్క సందుల కడుతున్న అపార్ట్‌మెంటు కాడివే, తుప్పు కూడ పట్టలే. ఆ వైరును ఎట్ల వంచిందో, పుల్లకు పుల్లకు నడుమ మెలేసి పెట్టింది, నేను గుంజితే రాలే. లోపల గిన్నె తీరు గుంత, దాంట్ల కొబ్బరిపీచు పరిచి ఉన్నది. ఒక పిల్ల అక్కడికక్కడే పోయింది. ఇంకోదానికి రెక్కలొచ్చినయ్ గని ఎగుర రాదు. గోడపొంటి కరివేపాకు చెట్టుల దూరింది. కండ్లు నీలం కలిసిన బూడిద రంగు, నోరు తెరిస్తే లోపలంత ఎర్రగ గులాబీ. దాన్ని కాపాడుకుంట తల్లీతండ్రీ ప్రహరీ మీదనే కాపలా.

అప్పటిసంది మా ఆయన బండి గల్లీల మలిగితే చాలు, రెండూ మీదికొస్తున్నయ్. పాలపోరన్ని ఏమనయ్. నన్ను ఏమనయ్. ఈయన హెల్మెట్ కూడ పసుపుపచ్చదే మరి.

పోయినేడు బడిల పిల్లలకు సియాటిల్ ముచ్చట చెప్పిన, యాదికున్నదా? 2006ల వాషింగ్టన్ యూనివర్సిటీ ఆవరణల జాన్ మార్జ్‌లఫ్ అనే సారు, ఆదిమానవుని ముసుగులు వేసుకోని ఏడు కాకులను పట్టి, కాళ్ళకు రింగులు తొడిగి వదిలిపెట్టిన్రు. తర్వాత ఎవరు ఆ ముసుగుతోని నడిచినా కాకులు లొల్లి లొల్లి. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీ మొఖమున్న ఇంకో ముసుగును మాత్రం ఏమనలే. ఆ ఏడే కాదు, పట్టుబడని కాకులు కూడ తిట్టుడు మొదలుపెట్టినయ్. పిల్లలు తల్లిదండ్రులను చూసి నేర్చుకున్నయ్. ఏండ్లు గడిచినా మర్చిపోలే. అది అమెరికా కాకి, మనది మెడ బూడిదరంగుండే ఊరకాకి. జాతి వేరు, వంశం ఒక్కటే.

గింత తెలివి పెట్టుకోని అమాయకుని నెత్తి గోకుడేంది? నిజం చెప్తున్న, సాయంత్రం నాకు కాకి మీదనే కోపమొచ్చింది. చేసినోడు ఒకడు, తన్నులు తిన్నది ఇంకొకడు. ఇన్ని రోజులు హెల్మెట్ మీదనే కొట్టి పోయేటిది. ఇయ్యాల గేటు కాడ ఈయన హెల్మెట్ ఎత్తిండో లేదో, ఉత్త నెత్తిమీదనే దిగింది. పాపిడి పక్కపొంటి సన్నగ ఎర్రగీత. కడిగి, మందు రాసిన.

చిన్నోనికి ఫోన్ చేస్తే నవ్విండు. వాళ్ళ ఆస్ట్రేలియా బ్రిస్బేన్ల ఇది ఏటేటా ఉండేదేనట. మాగ్‌పై అని నలుపూ తెలుపూ పిట్ట, గూళ్ళ కాలంల, అంటె అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాక, సైకిలోళ్ళ మీదికి ఎనుకనుంచి దుంకుతదట. జనం హెల్మెట్ల నిండ ప్లాస్టిక్ ట్యాగులు ముండ్ల లెక్క నిలబెట్టుకుంటరు, కొందరైతే ఎనుకపక్క కండ్లు గీసుకుంటరు. అన్ని మాగ్‌పైలు గట్ల చెయ్యవు, మగవాటిల్ల కొన్నే. అవ్వి మనుషుల మొఖాలు గుర్తుపెట్టుకుంటయ్, ఉన్న తావునే ఏండ్లకేండ్లు ఉంటయ్. అక్కడి మున్సిపాలిటీ చెట్టు కొట్టదు, ఇక్కడ పిట్ట దిగుతది పైలం అని బోర్డు పెడ్తదట. పిట్ట కోపానికి మనిషి బోర్డు పెట్టుడు! ఆ మాట నాకు మస్తు నచ్చింది.

మొఖాల ముచ్చట వచ్చేసరికి బాపు యాదికొచ్చిండు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ అంటే ఎట్లుంటదో మీకు తెల్సు. బస్తా భుజానికెత్తితే ఘాటు కండ్లల్లకు, గొంతులకు. బాపు తువ్వాలను మూతికీ ముక్కుకూ చుట్టుకునేది, కండ్లొక్కటే కనపడేటియి. పగటీలి నేను సద్ది పట్టుకపోయినప్పుడల్లా ఒక కుంటికాకి షెడ్డు రేకుల మీద కూసోని ఉండేది, కుడికాలు వేలు వంకర. బాపు నల్లా కాడికి పోయి తువ్వాల విప్పి మొఖం కడుక్కునేదాక అది కదలకపోయేది. విప్పిండంటే దిగేది, చెప్పుల పక్కదాక వచ్చేది. ఒకనాడు మల్లయ్య కాక పందెమని బాపు జాగల, బాపు టిఫిన్ ముందట పెట్టుకోని, బాపు తువ్వాలనే మూతికి చుట్టుకోని కూసున్నడు. ముద్ద చెయ్యి మీద పెట్టి ఎంత పిలిచినా రాలే. బాపు బస్తాల ఎనుకనుంచి ఉత్త మొఖంతోని వచ్చిండు, ఒక్క దుంకు దుంకింది. "మొఖం దాసుకోని పెడితే అది తినదు బిడ్డా" అన్నడు. బాపు పోయినంక పిట్టకు పెట్టిననాడు ఊళ్ళె కాకులు దెబ్బకు ముట్టినయ్, అందరూ నిమ్మళపడ్డరు. నాకైతే మార్కెట్ల ఆ కుంటిది ఎవరికోసం చూస్తుందో అనే పడ్డది.

గిది రాస్తుంటె సాయంత్రపు కోపం నిలుస్తలేదు. ఆ రోజు కొమ్మ కొట్టినోళ్ళ మొఖం కాకికి ఎక్కడ కనపడ్డది? హెల్మెటే కనపడ్డది. దానికి దొరికిన గుర్తు అదొక్కటే, దాన్నే పట్టుకున్నది. ఇప్పుడు నా బుగులు వేరే. ఇయ్యాల హెల్మెట్ కింద ఈయన మొఖం కనపడ్డది గద, రెంటినీ జోడు కట్టి యాది పెట్టుకుంటే ఎట్ల? ఏండ్లు పడ్తది మర్చిపోవుడు.

అత్తమ్మ ఫోన్ల ఒక్క మాట పదిసార్లు అన్నది. శనివారం నాడు నువ్వులన్నం ముద్ద వాని చేతులతోనే కాకికి పెట్టియ్యి అని. వింటున్నప్పుడు ఊ అని వదిలిపెట్టిన. దోషమంటే ఇప్పటికీ ఒప్పుకోను, గూడు పోగొట్టుకున్నదాని ఏడుపుకు శని అని పేరు పెడితే నాకు మండుతది. గని ముద్ద మాత్రం పెట్టాల్సిందే. శనివారం దాక ఆగుడెందుకు, రేపటిసందే. నెత్తిమీద ఏం లేకుండ, గేటు కాడ నిలబడి, మొఖం కనపడేటట్టు. అత్తమ్మకు ఆమె మాట విన్నట్టయితది, నాకు నా పని అయితది. ఈయనతోని అంటే, "బండి కిరాణం కాడనే ఆపి, హెల్మెట్ డిక్కీల పెట్టి నడుచుకుంట వస్త గని, అన్నం మాత్రం నువ్వే పెట్టు" అన్నడు. నేను పెడితే ఏం లాభం, నాతోని దానికి పంచాయితీ లేదాయె.

అసలు లొల్లి ఓనరాంటీది. ఈ వంకతోని చెట్టు మొదలుకే కొట్టిస్తనంటున్నది. ఎండకాలమంత ఆ నీడల బండ్లు పెట్టుకున్నం, పైన మా గది సల్లగున్నదంటే దాని పుణ్యమే. కాకులేమన్న పులులా, సర్కారే వాటిని లెక్కజెయ్యదన్నది. 1972 వన్యప్రాణి చట్టంల నిజంగనే కాకిని ఎలుకలతోని, పండ్ల గబ్బిలాలతోని కలిపి ఐదో షెడ్యూల్ల పెట్టిన్రు, చంపినా అడిగేటోడు లేకుండ. 2022 సవరణల ఆ షెడ్యూలే తీసేసిన్రు. ఆ ముచ్చట చెప్పిన. బ్రిస్బేన్ బోర్డుల ఫోటోలు కూడ చూపించిన, ఫోన్ చేతులకు తీసుకోని చూసింది. ఆఖరికి వానలు పడ్డంక చూద్దాం అన్నది. జూలై దాటనిస్తే ఆ పిల్ల ఎగిరిపోతది. గేటుకు అట్టముక్క మీద నేనే రాసి కడుత, హెల్మెట్ తీసి లోపలికి రాండ్రి అని.