చెవిలో చన్నీళ్లు

బుధవారం.

పొద్దున ఈతకు పోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోని అక్వాటిక్ పార్క్ నీళ్లలో దిగకుండా రోజు మొదలుపెడితే పళ్లు తోముకోకుండా బయల్దేరినట్టుంది. తొమ్మిదింటికి చెవి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్.

రెండు నెలలుగా ఎడమ చెవితో ఒకటే గొడవ. ఈత అయ్యాక నీళ్లు లోపలే ఉండిపోతాయి. ఒంటికాలి మీద గెంతి తల విదిలించినా రావు. రాత్రి దిండు మీద తల పెట్టాక ఎప్పుడో వెచ్చగా కారతాయి. అంతదాకా అటు నుంచి ఎవరు మాట్లాడినా గోడ అవతల మాట్లాడినట్టే. గుబిలి అనుకుని మందుల షాపులో చుక్కలు కొని వేసుకుంటే ఇంకా మూసుకుపోయింది.

డాక్టరమ్మ మైక్రోస్కోపు పెట్టి, సన్నటి గొట్టంతో గుబిలి లాగేసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎముక పెరిగింది" అంది. గుండె ఝల్లుమంది. పెరగడం అనగానే మనకు తట్టే జబ్బు ఒక్కటే కదా. అది కాదని ఆవిడ వెంటనే చెప్పింది. నాకు వినపడడానికే కాస్త టైం పట్టింది. అందులో చెవి తప్పేమీ లేదు.

స్క్రీన్ మీద చూపించింది. చెవి గొట్టంలో బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి, లోపలి రెండు వంతులూ ఎముక. ఆ ఎముక గోడల మీద, కర్ణభేరికి దగ్గరగా, తెల్లటి నున్నటి గుట్టలు. ఎడమ చెవిలో మూడు, వాటి మధ్య ఒక సందు. కుడి చెవిలో రెండు, చిన్నవి. పుల్లతో తాకితే ఆవిడకు రాయిలా తగిలిందట. నాకు మాత్రం ప్రాణం విలవిల్లాడింది. అక్కడ ఎముక మీద చర్మం ఉల్లిపొరంత పలచన. ఒక్క చెవిలోనే, కాడకు వేలాడే కాయలా ఒకటే ఉంటే ఆస్టియోమా అనేవాళ్లట. నావి రెండు చెవుల్లోనూ, మొదలు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి ఎక్సోస్టోసిస్.

"చల్లటి నీళ్లలో ఈదుతారా?" అని ఆవిడే అడిగింది. పదహారేళ్లుగా, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) లేకుండా, చలికాలంలో కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో నీళ్లు జనవరిలో 11 డిగ్రీలు, సెప్టెంబరులో 16, 17. సుమారు 19 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లు ఏళ్ల తరబడి చెవిలోకి పోతుంటే ఎముక పొర మీద పొర వేసుకుంటుందట. సర్ఫింగ్ చేసేవాళ్లలో ఎక్కువని దీనికి సర్ఫర్స్ ఇయర్ అని పేరు. నిడదవోలు కాలువలో ఈత నేర్చుకున్నదాన్ని, సర్ఫింగ్ బోర్డు ఎక్కిన పాపాన పోలేదు. పేరు మాత్రం దక్కింది.

ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు. వినికిడి పరీక్షలో తేడా కొద్దిగానే ఉంది. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వినికిడి బాగా తగ్గినా అప్పుడు డ్రిల్లుతోనో చిన్న ఉలితోనో చెక్కుతారు. పక్కనే కర్ణభేరి, ముఖ నరం, దవడ కీలు, కాబట్టి సరదాగా చేయించుకునే పని కాదు. గాయం మానేదాకా వారాల తరబడి నీళ్లకు దూరం. ఆ తర్వాత మళ్లీ చన్నీళ్లలో పడితే మళ్లీ పెరగొచ్చు. ఉన్నవి వాటంతట అవి కరగవు. చెవి ప్లగ్గులూ ఈత టోపీ పెట్టుకుంటే ఇకమీదట పెరగడం తగ్గుతుంది. చెవిలో పుల్లలు, బడ్స్ పెట్టొద్దు, గుబిలి ఆర్నెల్లకోసారి నేనే తీస్తాను అంది.

ప్లగ్గుల సంగతి తోటి ఈతగాళ్లు మొదటి ఏడాదే చెప్పారు. అలల చప్పుడు వినపడకపోతే అదేం ఈత అని పెడచెవిన పెట్టాను. అది ఎడమ చెవే అయ్యుంటుంది.

లంచ్‌లో కూర్చుని దీని గురించే చదివాను. 2019లో ఎరిక్ ట్రింకాస్ అనే శాస్త్రవేత్త బృందం 23 మంది నియాండర్తల్ మనుషుల (ఏనాడో అంతరించిపోయిన ఆదిమానవుల) చెవి ఎముకలు చూస్తే దాదాపు సగం మందిలో ఇవే గుట్టలు. నీళ్లలో దిగి తిండి ఏరుకునేవాళ్లేమో అని ఒక ఊహ. ప్లగ్గుల గురించి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. నాకు ఆ సాకు కూడా లేదు.

రాత్రి ఎనిమిదింటికి అమ్మకు ఫోన్ చేశాను.

"చెవిలో ఎముకేవిటే? వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాచి రెండు చుక్కలు పోసుకో."

"నూనెకు ఎముక కరగదమ్మా. అసలు చెవిలో ఏమీ పోయొద్దంది."

"మరి ఆ చన్నీళ్లలో నిన్ను దిగమన్నదెవరు? వేన్నీళ్లు దొరకవా ఆ ఊళ్లో?"

ఫోన్ ఎడమ చెవికి మార్చాను. గుబిలి తీశాక అటు కూడా స్పష్టంగానే వినపడుతోంది.