బాప్తిస్మానికి ముందు పెళ్లి: ఫిలిప్పీన్స్‌లో ఒక మిషనరీ వారం

శనివారం సాయంత్రం బాప్తిస్మం. దానికి ముందు, అంటే శుక్రవారం లోపు, ఆ దంపతులిద్దరికీ చట్టప్రకారం పెళ్లి జరగాలి. పెళ్లికి కావలసిన కాగితాల్లో ఆఖరిది సోమవారం పొద్దున చేతికొచ్చింది. ఆ పై వారం మిషనరీల బదిలీలు. నేను ఆ ఊళ్లో ఉంటానో లేదో నాకే తెలియదు.

మాది రాజమండ్రి. మా కుటుంబమంతా యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం సభ్యులం. బయటివాళ్లు మమ్మల్ని మోర్మన్లు అంటారు. మన దేశంలో మా సంఘం చిన్నదే. ఇక్కడ మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లో ఏర్పడింది. మాలో అబ్బాయిలు 18 ఏళ్లు నిండాక రెండేళ్ల పాటు సంఘం సేవకి, అంటే మిషన్‌కి వెళ్తారు. ఏ దేశమో మనం ఎంచుకోం. నాకు ఫిలిప్పీన్స్ వచ్చింది. మనీలాలో శిక్షణ, తగలోగ్ భాష, ఆ తర్వాత లగునా ప్రావిన్స్‌లో శాన్ పాబ్లో దగ్గర ఒక చిన్న ఊరు. ఎటు చూసినా కొబ్బరి చెట్లే. బస్సు దిగగానే కోనసీమకి వచ్చానేమో అనిపించింది.

మిషనరీ అంటే తలుపులు కొట్టి పుస్తకాలు పంచేవాడు అనుకుంటారు. అది కూడా చేస్తాం. పొద్దున 6:30కి లేవడం, చదువుకోవడం, రాత్రి 10:30కి పడుకోవడం, ఎక్కడికి వెళ్లినా జతగా ఉండే తోటి మిషనరీ, అంటే కంపానియన్‌తో కలిసే వెళ్లడం. కానీ ఆ వారం నేను ఎక్కువగా తిరిగింది ఆఫీసుల చుట్టూ. అది కూడా నా సేవలో భాగమేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

పెళ్లి జరగాల్సిన ఆ జంటలో ఆయన ట్రైసికిల్ నడుపుతాడు. బైక్ పక్కన చిన్న తొట్టి బిగించిన బండి అది. ఆయన భార్యకి ఇంటి ముందు సారీ-సారీ కొట్టు ఉంది. సబ్బు, షాంపూ ప్యాకెట్లు, గుడ్లు, విడి బిస్కెట్లు అమ్ముతుంది. అక్కడ అన్నని కూయా అని, అక్కని ఆతే అని పిలుస్తారు. మేమూ వాళ్లని అలాగే పిలిచేవాళ్లం. పదేళ్లకు పైగా కాపురం చేస్తున్నారు, ముగ్గురు పిల్లలు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. పెళ్లంటే వాళ్లకి లెక్కలేక కాదు. పెళ్లంటే వీధి వీధంతా భోజనం పెట్టాలి. ఆ డబ్బు ఏ ఏడాదీ మిగల్లేదు. అక్కడ ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి.

మా సంఘంలో కలిసి ఉంటున్న జంట బాప్తిస్మం తీసుకోవాలంటే ముందు పెళ్లి చేసుకోవాలి. ఫిబ్రవరిలో, ప్రేమికుల రోజు సమయంలో, మేయర్లు ఉచితంగా సామూహిక వివాహాలు జరిపిస్తారు. మేమున్నది ఆగస్టులో. ఆతే అంతవరకు ఆగనంది. మామూలుగా పెళ్లి లైసెన్స్ కావాలంటే దరఖాస్తును పది రోజులు నోటీసు బోర్డులో పెట్టాలి. కానీ ఆ దేశపు కుటుంబ చట్టంలో 34వ ఆర్టికల్ ఒక దారి చూపించింది. కనీసం అయిదేళ్లుగా భార్యాభర్తల్లా కలిసి ఉండి, పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేనివాళ్లకి లైసెన్స్ అక్కర్లేదు, ప్రమాణ పత్రం చాలు. అడ్డంకి లేదని చూపించడానికి ఇంతకు ముందు ఎవరితోనూ పెళ్లి కాలేదన్న ధ్రువపత్రం కావాలి. దాన్ని సెనోమార్ అంటారు. ముస్లింలకు తప్ప మిగతావాళ్లకి విడాకుల చట్టం లేని దేశం కాబట్టి ఆ కాగితం మీద అందరి కళ్లూ ఉంటాయి. సోమవారం వచ్చింది అదే.

సోమవారం మాకు ప్రిపరేషన్ డే. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, ఇంటికి ఫోన్. 2019 నుంచి వారానికోసారి ఇంటివాళ్లతో మాట్లాడనిస్తున్నారు. అంతకు ముందు వెళ్లినవాళ్లు ఏడాదికి రెండుసార్లు మాత్రమే అమ్మ గొంతు వినేవారు. అది తల్చుకుంటే నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం కలుగుతుంది. వీడియో కాల్‌లో అమ్మకి ఈ పెళ్లి సంగతి చెప్పాను. "పెళ్లికూతురికి పూలు ఎవరు తెస్తున్నారు నాన్నా?" అని అడిగింది. కాగితాల గొడవలో మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఆ సాయంత్రం కాగితాలన్నీ ఆతే కొట్టు బల్ల మీద పరిచి సరిచూస్తుంటే, జనన ధ్రువపత్రంలో ఆవిడ పేరుకీ గుర్తింపు కార్డులో పేరుకీ ఒక అక్షరం తేడా కనిపించింది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాగితాలు ఒకటొకటిగా మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టేసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంగళవారం పొద్దున చుట్టుపక్కల మిషనరీలందరం కలిసే మీటింగ్. అది అవగానే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. మాతో మా శాఖలో, అంటే ఆ ఊళ్లోని మా సంఘంలో, ఉండే ఒక పెద్దావిడ వచ్చింది. రిటైర్డ్ టీచర్. ఊళ్లో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. కౌంటర్లో ఉన్న ఉద్యోగి కూడా లేచి నిలబడి, ఆవిడ చెయ్యి తన నుదుటికి ఆనించుకుని నమస్కరించాడు. పేరు సరిదిద్దడానికి నెలలు పడుతుందని, పెళ్లి వరకైతే రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణ పత్రం రాయించి నోటరీ చేయిస్తే తీసుకుంటామని వివరంగా చెప్పాడు. నా తగలోగ్ ప్రార్థనకీ పాఠాలకీ సరిపోతుంది గానీ చట్టం మాటలకి సరిపోదు. టీచరమ్మ నెమ్మదిగా మళ్లీ చెప్పింది. ఆవిడ లేకపోతే ఆ పని ఆ రోజే ఆగిపోయేది.

బుధవారం కుండపోత వర్షం. వీధుల్లో పిక్కల దాకా నీళ్లు. నోటరీ ఆఫీసు తెరవలేదు. ఇక్కడ కూయా సంగతి ఒకటి చెప్పాలి. బండి ఆయన సొంతం కాదు. రోజూ యజమానికి ఇంత అని కట్టాలి, దాన్ని బౌండరీ అంటారు. ఆ పైన వచ్చిందే ఇంటికి. ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి పూటా ఆయనకి సంపాదన పోయి, బౌండరీ మాత్రం మిగిలేది. మా శాఖలోనే ఇంకో ట్రైసికిల్ డ్రైవర్ ఉన్నాడు. ఆ వారమంతా తన బండి నడిపాక రాత్రిపూట కూయా బండి కూడా తిప్పి బౌండరీ కట్టాడు. ఈ విషయం ఆయన మాకు చెప్పలేదు. ఆతే చెప్పింది. మేము ఎన్ని పాఠాలు చెప్పినా ఆ కుటుంబాన్ని దగ్గర చేసింది ఆ మనిషే అని నా అభిప్రాయం.

నోటరీ పని గురువారం పొద్దున అయింది. మధ్యాహ్నం బాప్తిస్మం ఇంటర్వ్యూలు. పాఠాలు చెప్పినవాళ్లు ఈ ఇంటర్వ్యూ చేయకూడదు, కాబట్టి డిస్ట్రిక్ట్ లీడర్‌గా ఉన్న మరో మిషనరీ వచ్చాడు. విశ్వాసం గురించి, పశ్చాత్తాపం గురించి, మద్యం, పొగాకు, కాఫీ, టీ మానడం గురించి అడుగుతారు. ఆతే తొందరగానే బయటికి వచ్చింది. కూయా ఎంతకీ రాడు. ఆయన సిగరెట్లు మానేసి ఎక్కువ రోజులు కాలేదు, నాకు ఒకటే టెన్షన్. చివరికి తెలిసిందేమిటంటే, తిరిగి ప్రశ్నలు అడుగుతున్నది ఆయనే. చనిపోయిన తన తండ్రికి కూడా ఏమైనా చేయొచ్చా అని. మా విశ్వాసంలో చనిపోయినవాళ్ల తరఫున దేవాలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చు. మనీలాలో మా దేవాలయం 1984 నుంచి ఉంది. ఆ మాట విన్నాక ఆయన వాళ్ల నాన్న పుట్టిన తేదీ ఒక చీటీ మీద రాసి నా చేతికిచ్చాడు.

శుక్రవారం మేయర్ ఆఫీసులో పెళ్లి పదిహేను నిమిషాల్లో అయిపోయింది. సాక్షులుగా టీచరమ్మ, ఆ డ్రైవర్ సంతకాలు పెట్టారు. పూలు మేమే తెచ్చాం. అక్కడ సాంపగీతా అని దండలు కట్టి వీధుల్లో అమ్ముతారు. అవి మన మల్లెపూలే, వాళ్ల జాతీయ పుష్పం. జడలో పెట్టుకోరు, మెడలో వేసుకుంటారు. దండ అందుకోగానే ఆతే కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత టీచరమ్మ ఇంట్లో పాన్సిత్ నూడుల్స్, అన్నం, కోడికూర. వీధి మొత్తానికి పెట్టలేమని ఇన్నేళ్లు ఆగిన పెళ్లికి, కబురు విన్న వీధివాళ్లు ఎవరి గిన్నె వాళ్లు పట్టుకొచ్చారు.

ఆ రాత్రి కరెంటు పోయింది. మర్నాడు మధ్యాహ్నానికీ రాలేదు. మా బాప్తిస్మం నీళ్లలో పూర్తిగా ముంచి ఇచ్చేది. మా చర్చిలో అందుకోసం కట్టిన తొట్టి మోకాళ్ల వరకే నిండింది, మోటారు ఆగిపోయింది. పక్కింటి క్యాథలిక్ కుటుంబానికి పోసో, అంటే చేతిపంపు, ఉంది. అడగ్గానే గేటు తెరిచారు. పిల్లలు, పెద్దలు వరసగా నిలబడి బకెట్లు అందించాం. ఆ ఇంటి తాతగారు కూడా పంపు కొట్టాడు. తెల్ల చొక్కా, టై తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. నడుము లోతు రాలేదు గానీ పనికొచ్చేంత వచ్చింది.

కూయాకి బాప్తిస్మం ఇచ్చింది ఆ డ్రైవరే. ఎవరిస్తే బాగుంటుందని అడిగితే కూయా వెంటనే ఆయన పేరు చెప్పాడు. నీళ్లు తక్కువ కావడంతో మొదటిసారి మోకాలు పైకి తేలింది. ఒంట్లో ఏ భాగమూ బయట ఉండకూడదు కాబట్టి మళ్లీ ముంచారు. ఆతేకి నేను ఇచ్చాను. తగలోగ్‌లో ఆ ప్రార్థన ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. దేవుని దయవల్ల తప్పలేదు.

వాళ్ల పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు. తనూ ఆ రోజే తీసుకోవచ్చు, మాలో ఎనిమిదేళ్లు నిండితే చాలు. కానీ వాళ్ల నాన్న యాజకత్వం, అంటే బాప్తిస్మం ఇచ్చే అధికారం, పొందాక తనే ఆమెకి ఇవ్వొచ్చని తెలిసి, "నేను నాన్న కోసం ఆగుతాను" అంది. ఎవరూ బలవంతం చేయలేదు.

ఆదివారం ఆరాధనలో ఇద్దరినీ సభ్యులుగా స్థిరపరిచారు. ఆ రాత్రే మిషన్ ఆఫీసు నుంచి మెసేజ్: నాకు బదిలీ, నా కంపానియన్ అక్కడే ఉంటాడు. టోంగా నుంచి వచ్చిన అతను మాట్లాడకుండా నా సూట్‌కేస్ కిందికి దించిపెట్టాడు. సోమవారం కూర్చుని అన్నీ అప్పగించాను: పెళ్లి ధ్రువపత్రం కాపీ తీసుకోవడం, ఆతే పేరు దిద్దించే దరఖాస్తు, కూయా ఇచ్చిన వాళ్ల నాన్న చీటీ, పెద్దమ్మాయి బాప్తిస్మం తేదీ. ఈసారి తొట్టి శుక్రవారం మధ్యాహ్నమే నింపాలని టీచరమ్మ అప్పుడే రాసి పెట్టుకుంది.